ఎవరూ కూచోని క్యారియర్

నాలుగు పాలక్యాన్లు కట్టుకుని, చేతులు రెండూ వదిలేసి, చుక్క ఒలకకుండా కాలువగట్టు మీద సింధనూరు దాకా సైకిలు తొక్కగల మొనగాడు తుంగభద్ర ఆయకట్టు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు యలమందయ్య. ఈ సంగతి కోస్తా నుంచి వలస వచ్చినవాళ్ళ కొత్త క్యాంపులో అందరికీ తెలుసు, ఎందుకంటే యలమంద రోజూ చెప్పేవాడు. డ్యాము కట్టిన ఇంజనీర్లు ముగ్గురు జీపు ఆపుకుని మరీ చూశారనీ, అందులో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడనీ కూడా చెప్పేవాడు.

ఆ శనివారం పొద్దున గోరేబాళ దాటగానే చేతులు వదిలాడు. పదకొండు బారలు బ్రహ్మాండంగా వెళ్ళాడు. పన్నెండో బారలో ముందు చక్రం బండిగాడిలో దిగింది. రెండు క్యాన్ల పాలు నల్లరేగడి తాగేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నేల అంత చిక్కటి పాలు తాగి ఉండదు. యలమంద మటుకు ఎండాకాలానికి కట్టేసిన పిల్లకాలువ అడుగున, ఎండిన బురద పెళ్ళల మధ్య, వెల్లకిలా తేలాడు. సైకిలు ముందు చక్రం చేగోడీలాగా మెలి తిరిగిపోయింది.

వరసలో ఉన్న మిగతా ఏడు సైకిళ్ళూ ఆగిపోయాయి. ఆగక తప్పదు. పాలవాళ్ళకి ఉన్నది ఒకే ఒక్క కట్టుబాటు. దారిలో ఆగినవాణ్ణి దాటిపోకూడదు. చైను ఊడినా, గాలి పోయినా, కాలకృత్యానికి దిగినా, ఒకడు ఆగితే అందరూ ఆగాలి. క్యాంపు వేసిన మొదటి ఏడు ఒకడు జ్వరంతో గట్టు మీద పడిపోతే, కునుకు తీస్తున్నాడనుకుని అందరూ బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచే వెళ్ళిపోయారు. అతను మళ్ళీ లేవలేదు. అప్పుడు పెట్టాడీ కట్టుబాటు శివరామకృష్ణయ్య. వరసలో మొదటి సైకిలు ఆయనదే.

"ఇంజనీర్లు ఇయ్యాల రాలేదేంరా?" అన్నాడాయన గట్టు మీద నుంచి తొంగిచూసి.

"ఎద్దు అడ్డమొచ్చింది మావయ్యా."

"ఏ ఎద్దు?"

"తెల్లది."

చుట్టుపక్కల మైలు దూరంలో ఎద్దు కాదు కదా, మేకపిల్ల కూడా లేదు. వరసలో ఒక్కడే గోరేబాళ పాత ఊరివాడు తాయప్ప. అతను క్యాను మీద చెయ్యి ఆనించి నింపాదిగా అన్నాడు.

"నాకు గూడ కానొచ్చింది మావా. గిప్పుడే ఎగిరిపాయె."

అందరూ నవ్వారు. యలమంద కూడా నవ్వాడు, మోచెయ్యి నెత్తురు తుడుచుకుంటూ. మిగిలిన రెండు క్యాన్లూ ఇద్దరు సర్దుకున్నారు. సైకిలు గట్టు కింద పడేసి, చక్రం ఊడదీసి, సింధనూరులో సాపు చేయించుకొస్తానన్నాడు యలమంద. కానీ ఎక్కడ కూచోవాలి? అందరి క్యారియర్ల మీదా క్యాన్లే. ఖాళీగా ఉన్నది ఒక్క బాపయ్య సైకిలు వెనకే.

బాపయ్యకి యాభై దాటాయి. రేపల్లె దగ్గర్నుంచి వచ్చినవాడు. ఇంట్లో ఆయనా, మూడు గేదెలూ. క్యాన్లు రెండూ హేండిలుకి చెరో పక్క వేలాడేసుకుంటాడు తప్ప క్యారియర్ మీద గడ్డిపరక కూడా పెట్టడు. దాని మీద మడతలు వేసి కుట్టిన పాతగుడ్డ మెత్త ఒకటి కట్టి ఉంటుంది.

"బాబాయ్, నన్నెక్కించుకో."

"ఎక్కించుకోను."

"నేనేం బరువు బాబాయ్? పొద్దున్నుంచీ ఏం తిన్లేదు కూడాను."

"అది కూచోటానికి కాదురా."

"మరి దేనికి? దేవుణ్ణి పెట్టుకుంటావా?"

మళ్ళీ నవ్వారు. బాపయ్య నవ్వలేదు. పెడలు మీద కాలేసి, "ఇంటికి పో" అన్నాడు. ఇంటికి మళ్ళినవాడు ఆగినవాడి కింద లెక్క కాదు. వరస కదిలిపోయింది. యలమంద చక్రాన్ని మెడలో దండలా వేసుకుని వెనక్కి నడిచాడు. దారిలో నాట్లకి మళ్ళు చేసుకుంటున్న ఆడవాళ్ళు ఎదురై, పెళ్ళికూతురెవరని అడిగారు. అలా ఆరుగురు అడిగారు. ఆరో ఆవిడకి జవాబు చెప్పేసరికి యలమంద మనసులో ఉపాయం తయారైపోయింది.

మధ్యాహ్నం బాపయ్య భోంచేసి, సైకిలు గొడ్లచావిడి గోడకి ఆనించి, గడ్డి కోసుకురావడానికి కొడవలి పట్టుకుని పొలానికి వెళ్ళాడు. యలమంద ఆ సైకిలు తీశాడు. క్యాంపు నుంచి బాట కొంచెం దిగుడుగా పిల్లకాలువ దాకా వెళ్తుంది. అక్కడ బాట కింద మనిషి వంగి దూరేంత తూము ఉంది. కాలువ ఎండిపోయి ఉంది. నీళ్ళు సోమవారం వదుల్తారని లస్కరు బసన్న స్వయంగా చెప్పాడు. బసన్న అంటే ఆ కాలువ గేట్లు ఎత్తి దించే మనిషి. ఆయన మాటకంటే గట్టి మాట ఎక్కడుంటుంది? సైకిల్ని పడుకోబెట్టి తూములోకి తోశాడు యలమంద. ఎవరి కంటా పడకుండా రెండు మూతులకీ తుమ్మకంప కుక్కాడు. కంప బాగా కుక్కాడు. ఏ పనీ శ్రద్ధగా చెయ్యడని వాళ్ళమ్మ తులసమ్మ ఎప్పుడూ తిట్టేది గానీ, ఆ రోజు ఆ పని చూసి ఉంటే మాట వెనక్కి తీసుకునేది.

సాయంత్రం గేదెల్ని పితికే వేళకి వెళ్ళి ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. "బాబాయ్, నీ సైకిలు కాలువలో ఈత నేర్చుకుంటోంది" అనాలి. బాపయ్య తిట్టాలి. అందరూ నవ్వాలి. వారం దాకా ఆ ముచ్చటే చెప్పుకోవాలి.

పైన వానలు ముందే పడి డ్యాములోకి నీళ్ళు ముందే వచ్చాయి. నీళ్ళకి సోమవారమని ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలుతుండగా యలమంద ఈల వేసుకుంటూ తూము దగ్గరికి వచ్చేసరికి, పిల్లకాలువ నిండా ఎర్రనీళ్ళు. ముందు నురగ, నురగ మీద ఎండుటాకులు, వాటి వెనక ఛాతీలోతు నీళ్ళు. తూము మూతి ఎక్కడుందో కూడా ఆనవాలు తెలీలేదు.

యలమంద చొక్కాతోనే దూకాడు. మునిగి చేతులు చాపితే కంప గుచ్చుకుంది. నీళ్ళ తోపుకి ఆ కంప తూము నోట్లో బిరడాలాగా బిగుసుకుపోయింది. మూడుసార్లు మునిగాడు. నాలుగోసారి పైకొచ్చేసరికి బసన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, గింత సంబరమా? నీళ్ళు ఇప్పుడే అచ్చినయ్, రేపు ఈదితె కాదా?"

"ఒళ్ళు వేడిగా ఉంది బసన్నా" అన్నాడు యలమంద. అబద్ధం దానంతటదే వచ్చేసింది.

సరే, చెప్పేద్దామనే బయల్దేరాడు. సైకిలే కదా. నీళ్ళు కట్టేశాక తీసి ఇచ్చేయొచ్చు. నాలుగు తిట్లు, రెండు మొట్టికాయలు. తడిబట్టలతో బాపయ్య ఇంటికెళ్ళేసరికి పాలవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. సైకిళ్ళు వాకిట్లో వరసగా నిలబడి ఉన్నాయి. బాపయ్య అరుగు మీద కూచున్నాడు. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

"పాతూరోళ్ళ పనే" అంటున్నాడు వెనక నుంచి ఒకడు. "క్యాంపులో మనోళ్ళకి ఏం ఖర్మ?"

తాయప్ప అప్పుడే సైకిలు దిగుతున్నాడు. ఆ మాట విన్నాడు. మళ్ళీ ఎక్కబోయాడు.

"తాయప్పా, ఆగు" అన్నాడు బాపయ్య. "ఆ మాటన్నోళ్ళు నా వాకిట్లోంచి లెగిసి పోండి."

ఎవరూ లేవలేదు. తాయప్ప సైకిలు మళ్ళీ స్టాండు వేశాడు. శివరామకృష్ణయ్య మెల్లిగా అన్నాడు. "సైకిలు పోతే ఇంకోటి వస్తది బావా. మనసు కష్టపెట్టుకోమాకు."

"సైకిలు పోతే పోనీ" అన్నాడు బాపయ్య. "వెనక ఆ మెత్త బుల్లెమ్మ కుట్టింది."

బుల్లెమ్మ ఆయన భార్య. పోయి మూడేళ్ళయింది.

"వచ్చిన కొత్తలో పొలం చూపిస్తానని ఎక్కించుకెళ్ళా. ఈ గతుకుల్లో నడుం విరిగిందని గోల. మర్నాడు తన చీర, చీరాల చీర, ఎనిమిది మడతలేసి, దూది కూరి కుట్టేసుకుంది. నా సీటు అని. ఎవరన్నా కూచుంటే ఊరుకునేది కాదు." కొడవలి పక్కన పెట్టాడు. "జ్వరమొచ్చినప్పుడు సింధనూరు దానిమీదే తీసుకెళ్ళా. కండవాతో నా నడుముకి కట్టేసుకున్నా, పడిపోద్దని. గోరేబాళ దాకా మాట్లాడతానే ఉంది. వెళ్ళేప్పుడు దానిమీద వెళ్ళింది. వచ్చేప్పుడు బండి మీద వచ్చింది."

యలమంద వాకిట్లో నిలబడే ఉన్నాడు. పంచె అంచు నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి.   చెప్పేద్దామని నోరు తెరిస్తే, "ఎతుకుదాం బాబాయ్" అని వచ్చింది.

వెతికారు. అలాంటి వెతుకులాట ఆ తాలూకాలో ఎప్పుడూ జరగలేదు. పాలవాళ్ళు కనిపించిన సైకిలునల్లా ఆపి వెనక్కి తిప్పి చూశారు. సింధనూరు బస్టాండు దగ్గర సైకిలు షాపులన్నీ గాలించారు. యలమంద చక్రం కూడా అక్కడే సాపయింది. జాలహళ్ళి నుంచి చుట్టాల ఇంటికి సైకిలు మీద వచ్చిన కొత్త పెళ్ళికొడుకునొకణ్ణి గంటసేపు నిలబెట్టి, అతని మామగారు వచ్చి చెప్పాక గానీ వదల్లేదు. అందరికంటే ఎక్కువ వెతికింది యలమంద. దొరకదని తెలిసినవాడు వెతికినంత గట్టిగా ఇంకెవరూ వెతకలేరు.

ఆదివారం పొద్దున బాపయ్య పాలు తలా కొంచెం తమ క్యాన్లలో పోసుకున్నారు. ఆయన్ని ఇంటి దగ్గరే ఉండమన్నారు. వినలేదు.

"ఎక్కు బావా" అని క్యాన్లు ముందుకి సర్దుకుని చోటు చూపించాడు శివరామకృష్ణయ్య.

"నేను ఎనకాల కూచోను. మీరు పదండి. నడిచొస్తా."

నడక మొదలుపెట్టాడు. ఇప్పుడేం చెయ్యాలి? ఆయన్ని దాటిపోవాలి. శివరామకృష్ణయ్య పెడలు మీద కాలు పెట్టాడు, తీశాడు. దిగి, సైకిలు నడిపించుకుంటూ ఆయన వెనక నడిచాడు. తరవాత తాయప్ప దిగాడు. తరవాత అందరూ. ఏడు సైకిళ్ళు, ఎనిమిది మంది మనుషులు, నాలుగున్నర మైళ్ళు. ఎవరూ బెల్లు కొట్టలేదు. కాలువలో నీళ్ళు మాత్రం పక్కనే చప్పుడు చేసుకుంటూ వచ్చాయి.

"పాలు ఇరిగిపోతయ్యిరా, ఎక్కండి" అన్నాడు బాపయ్య సగం దారిలో వెనక్కి తిరిగి.

"ఇరిగితె ఇరగనీ పెద్దయ్యా" అన్నాడు తాయప్ప. "ఇయ్యాల సింధనూరోళ్ళు నల్లచాయ తాగుతరు."

నిజంగానే తాగారు. సోమవారం కూడా తాగారు. హోటళ్ళవాళ్ళు మొదట కేకలేశారు. సంగతి తెలిశాక ఒకాయన బాపయ్యకి కుర్చీ వేశాడు. అంత మర్యాద ఆయనకి ఆ హోటల్లో ఎప్పుడూ జరగలేదు. అక్కడే కూచుని, వేసిన ఇడ్లీ తినకుండా బయటికి చూస్తూ ఉన్నాడు. వీధిలో పోయే ప్రతి సైకిలు వెనక్కీ ఆయన కళ్ళు పోతున్నాయి.

ఆ సాయంత్రం యలమంద పొయ్యి దగ్గర కూచుని వాళ్ళమ్మని అడిగాడు.

"అమ్మా, గుడ్డ నీళ్ళల్లో నానితే ఏమవుద్ది?"

"శుభ్రమవుద్ది. నీ పంచె నానబెట్టు, తెలుస్తది."

"అది కాదే. వారం నానితే?"

"పాతగుడ్డా?"

"పాతదే."

"చీకిపోద్ది" అంది తులసమ్మ. "ఎందుకురా?"

"ఊరికే" అన్నాడు. అన్నం సగంలో లేచాడు. వాడు అన్నం వదిలెయ్యడం అదే మొదలు కాబట్టి తులసమ్మ దిష్టి తీసింది.

మంగళవారం శివరామకృష్ణయ్య తన చావిడి దూలానికి వేలాడుతున్న పాత ఫ్రేము దించాడు. అదొక్కటే ఉంది. మిగతాదంతా లేదు. తాయప్ప ఒక చక్రం తెచ్చాడు. ఇంకొకడు చైను, ఇంకొకడు పెడళ్ళు. హేండిలు ఎవరిదో, బ్రేకులు ఎవరివో. సీటు సింధనూరు షాపువాడు ఊరికే ఇచ్చాడు. బాపయ్య వాకిట్లో కూచుని అందరూ కలిసి ఆ సైకిలు బిగించారు. ముందు చక్రం ఒక రకం, వెనక చక్రం ఒక రకం. రంగులు చూస్తే జాతరలో గాజుల దుకాణంలా ఉంది. కానీ తిరిగింది.

యలమంద తన సైకిలు క్యారియర్ ఊడదీసి తెచ్చాడు. ముందురోజే కొబ్బరిపీచుతో తోమి మెరుగు పెట్టాడు. స్క్రూలు చేతిలో పట్టుకుని వంగి బిగించబోతుంటే బాపయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"అది వద్దురా అబ్బాయ్."

"గట్టిది బాబాయ్. మంచి ఇనుము."

"మంచిదే. నువ్వే ఉంచుకో. నాకు ఎనకాల ఏం వద్దు."

ఆ మాట కోపంగా అన్నా బావుండేది. బుజ్జగించినట్టు అన్నాడు. పైగా, "నువ్వు బాగా తిరిగావంట నాకోసం, ఎండలో. మీ అమ్మ చెప్పింది" అని వాడి తల నిమిరాడు. యలమంద క్యారియర్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. బుధవారం చెప్పేద్దామనుకున్నాడు. బుధవారం గురువారానికి వాయిదా వేశాడు. వంతులవారీగా ఈ కాలువ కట్టేసే రోజు వస్తుంది కదా, అప్పుడు మెత్తతో సహా తీసి, దొరికిందని చెప్పొచ్చు. ఎలా దొరికిందో చెప్పడానికి మూడు కథలు తయారుగా ఉన్నాయి. మూడూ బాగానే ఉన్నాయి.

గురువారం తాయప్ప పాలకి రాలేదు. మిగతావాళ్ళు సింధనూరు నుంచి ఖాళీ క్యాన్లతో తిరిగొస్తుంటే తూము దగ్గర కనిపించాడు. మొలలోతు నీళ్ళలో నిలబడి గెడకర్రతో పొడుస్తున్నాడు. గట్టు మీద బసన్న. పై గేటు దించేసినట్టున్నాడు, నీళ్ళు తగ్గుతున్నాయి. శివరామకృష్ణయ్య ఆగాడు. వెనక అందరూ ఆగారు. బాపయ్య కూడా, తన రంగురంగుల సైకిలు మీద నుంచి ఒక కాలు నేలకి ఆనించి.

"ఏంది తాయప్పా?"

"నా నారుమడి ఎర్రబడ్డది మావా. నీళ్ళు వదిలి అయిదు దినాలాయె, ఆఖరి మడికి చుక్క రాలె. పైన నిండుగ పారుతది, కిందికి వస్తలేదు. చూస్తె గిదీ సంగతి. తూముల ఎవడో కంప కుక్కిండు."

 కంప తాయప్ప మడిని ఎండగడుతుందని యలమందకి ఏ కోశానా తట్టలేదు.

"కంప ఒక్కటే గాదు" అన్నాడు బసన్న. "ఎనక ఇంకేందో అడ్డం పడ్డది. మొద్దో, ఏమో. కొక్కెం తగిలించినం. మీరొక చెయ్యెయ్యండి, జల్ది."

తాయప్ప తాడు పైకి విసిరాడు. సైకిళ్ళు పడుకోబెట్టి నలుగురు తాడు పట్టుకున్నారు. తాయప్ప నీళ్ళలో నుంచి, "ఊ, దమ్ము పట్టి గుంజుండ్రి!" అని అరిచాడు. తాడు బిగిసింది. నీళ్ళ కింద ఏదో కిర్రుమంది.

"లాగమాకండి!" యలమంద గొంతు చీరుకుపోయింది. "అట్టా లాగమాకండి! మెత్త చినిగిపోద్ది!"

తాడు వదులైంది.

నీళ్ళు తూము నోటి దగ్గర గులగులమంటున్నాయి. తాయప్ప తల తిప్పి చూశాడు. బసన్న చూశాడు. తాడు పట్టుకున్న నలుగురూ చూశారు. బాపయ్య ఒక్కడే చూడలేదు. ఆయన నీళ్ళకేసి చూస్తున్నాడు.

"ఏ మెత్తరా?" అన్నాడు శివరామకృష్ణయ్య.

మూడు కథలూ ఉన్నాయి కదా, ఒక్కటీ రాలేదు. యలమంద గట్టు దిగి నీళ్ళలోకి వెళ్ళాడు. తాయప్ప పక్కకి తప్పుకున్నాడు. వంగి, రెండు చేతులతో కంప లాగాడు. ముళ్ళు అరచేతుల్లో దిగాయి. ఒక్కొక్క కొమ్మే లాగి గట్టు మీదికి విసిరాడు. ఎవరూ సాయం రాలేదు. చివరికి లోపలికి దూరి, హేండిలు పట్టుకుని, మెల్లిగా, పురిటి బిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు.

సైకిలు నిండా ఒండ్రు. క్యారియర్ కి తాళ్ళ ముడులు నాలుగూ బిగుతుగా అలాగే ఉన్నాయి. ఒక ముడిలో వేలెడు చీర అంచు ఇరుక్కుని ఉంది. మెత్త లేదు.

బాపయ్య గట్టు దిగి వచ్చాడు. ఆ అంచు మీద ఒండ్రుని బొటనవేలితో తుడిచాడు. ఆకుపచ్చ రంగు బయటపడింది.

"నేనే బాబాయ్" అన్నాడు యలమంద. "ఎక్కించుకోలేదని. సాయంత్రం ఇచ్చేద్దామనే. నీళ్ళు సోమవారం అన్నారు. నాకు తెలవదు, పిన్నిదని నాకు తెలవదు. తెలిశాక చెప్పలేకపోయా."

శివరామకృష్ణయ్య చెయ్యెత్తాడు. బాపయ్య అటు చూడకుండానే వద్దన్నట్టు వేళ్ళు కదిపాడు. ఎత్తిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి దిగింది.

"ఒక మాట చెప్పరా" అన్నాడు బాపయ్య. గొంతు చాలా చిన్నగా ఉంది. "దానిమీద కూచున్నావా?"

"లేదు బాబాయ్."

బాపయ్య తలెత్తి వాడి మొహంలోకి చూశాడు. తిట్టలేదు. ఊరికే, జవాబు ఇంకా రానట్టు, చూస్తూ ఉన్నాడు.

యలమంద అరచేతుల్లోంచి నెత్తురు నీళ్ళలోకి కారుతోంది.

"కూచున్నా" అన్నాడు. "చావిడి దగ్గర్నుంచి ఇక్కడి దాకా. బాట దిగుడు కదా, తొక్కలేదు. ముందు సీటు పట్టుకుని ఎనకాలే కూచుని, కాళ్ళతో తోసుకుంటా వచ్చా. ఎందుకు కూచోనివ్వడో చూద్దామని." చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మెత్తగా ఉంది బాబాయ్. ఒక్క గతుకు తగల్లేదు."